పుట్టి పెరిగిన నేల - హవాయి చెరకు దీవుల చరిత్ర

మనుష్యుడు తాను పుట్టి పెరిగిన చోటనే నివసింపగోరునా, లేక అవకాశము చిక్కగానే విడిచిపోవునా అను ప్రశ్న నేడు మన ఫిజీ దీవులలో ఇంటింట వినవచ్చుచున్నది. శాక్రమెంటో, మొడెస్టో, హేవర్డు పట్టణములలో స్థిరపడిన బిడ్డలను తలచుకొని, "వారికి నేలపై మమకారము లేదు" అని పెద్దలు నిట్టూర్చుచున్నారు. "అక్కడ ఏమున్నదని రమ్మందురు?" అని పిల్లలు బదులాడుచున్నారు. ఈ వాదమున ఇరుపక్షముల వారును ఒక విషయమును విచారింపకయే ఒప్పుకొనుచున్నట్లు మాకు తోచుచున్నది. ఉండుటయైనను పోవుటయైనను మనుష్యుని కోరికను బట్టి జరుగునన్నదే ఆ విషయము. ఇది ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు మన వలెనే చెరకు చేత రూపు దిద్దుకొన్న మరియొక ద్వీపసమూహమును పరిశీలించుట మేలు. మన సముద్రముననే, మనకు ఈశాన్యమున ఉన్న హవాయి అట్టిది. 1959 ఆగస్టు 21న అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఏబదియవ రాష్ట్రమైనది.

మొదట ఒక లెక్కను చదువరుల ముందుంచెదము. 2020వ సంవత్సరపు అమెరికా జనాభా లెక్కలలో తాము ఆదిమ హవాయీ సంతతివారమని వ్రాయించుకొన్నవారు, మిశ్రమ సంతతివారితో కలిపి, సుమారు 6,80,000 మంది. వారిలో హవాయి దీవులలో నివసించువారు నూటికి 47 మంది మాత్రమే. తక్కిన 53 మంది సముద్రమునకు ఆవలి గడ్డపై, కాలిఫోర్నియా, నెవాడా, వాషింగ్టన్ మొదలగు రాష్ట్రములలో ఉన్నారు. ఒక జాతి తన జన్మభూమిలో కన్న బయట అధికముగ నివసించుట సామాన్య విషయము కాదు. వారందరు నేలను మరచినవారేనా?

ఈ ప్రశ్నకు సమాధానము నూట డెబ్బది ఏండ్ల వెనుక వెదకవలసియున్నది. పూర్వము హవాయిలో భూమి క్రయవిక్రయముల వస్తువు కాదు. కొండ శిఖరము మొదలుకొని సముద్రపు పగడపుదిబ్బ వరకు ఒక ముక్కగా భూమిని విభజించెడివారు. పై భాగమున కలప, నడుమ చేమదుంప మళ్లు, క్రింద చేపల చెరువులు ఉండెడివి. సామాన్యులు అందు కాపురముండి, దున్నుకొని, నాయకునకు పన్ను చెల్లించుచుండిరి. 1848లో రాజు మూడవ కమెహమెహా కాలమున భూవిభజన జరిగినది. భూమి రాజునకు, ప్రభుత్వమునకు, నాయకులకు పంచబడెను. సామాన్యులు తాము సాగు చేయుచున్న తునకలను కోరవచ్చునని 1850లో శాసనము చేయబడెను. కోరుటకు అర్జీ పెట్టవలెను, సాక్షులను తేవలెను, కొలతలు వేయించి రుసుము చెల్లింపవలెను. తమ తాతలనాటి మడి తమదని కాగితముపై నిరూపింపవలెనన్న భావమే ఆ ప్రజలకు క్రొత్తది. తుదకు సామాన్యుల పేర వ్రాయబడినది సుమారు 28,600 ఎకరములు. దీవుల మొత్తము భూమి నలుబది లక్షల ఎకరములనగా, నూటికి ఒక వంతైనను కాలేదు. ఆ 1850వ సంవత్సరముననే విదేశీయులు భూమి కొనుటకు అనుమతి లభించెను.

ఆ తునకలను హవాయీ భాషలో "కూలియానా" అందురు. ఆ మాటకు హక్కు అనియు, బాధ్యత అనియు రెండర్థములున్నవి. హక్కు పోయినను బాధ్యత మనస్సున మిగిలిపోవుట ఆ జాతి దుఃఖమునకు మూలమని చెప్పవచ్చును.

భూమి పోవుచున్న కాలముననే మనుష్యులును తరిగిపోయిరి. ఓడలతో వచ్చిన వ్యాధులు ఊళ్లకు ఊళ్లను తుడిచివేసినవి. 1890 జనాభా లెక్కలలో మిశ్రమ సంతతితో కలిపి హవాయీలు 40,622 మంది మాత్రమే తేలిరి. పొలములున్నవి, నీరున్నది, పని చేయువారు లేరు. చెరకు ప్రవేశించినది ఇట్టి సమయమున.

కవాయి దీవిలోని కోలోవా యందు 1835లో మొదటి పెద్ద చెరకుతోట వెలసెను. 1876లో అమలుకు వచ్చిన ఒడంబడిక వలన హవాయి పంచదార సుంకము లేకుండ అమెరికాలో ప్రవేశించెను. అంతట తోటలు కొండ అంచుల వరకు పాకినవి. తడి ప్రాంతముల నీటిని కాలువలు త్రవ్వి మెట్టనేలలకు మళ్లించిరి. చేమమళ్లకు చాలవరకు నీరు లేకపోయెను. అయిదు వ్యాపార సంస్థలు దీవులన్నింటిని శాసించినవి. మనకు ఒక్క సి. ఎస్. ఆర్. కంపెనీయే చాలినది, వారికి అట్టివి అయిదు. 1893లో రాణి లిలియువొకలాని సింహాసనమునుండి తొలగింపబడెను. 1898లో దీవులు అమెరికాలో కలుపుకొనబడెను.

ఇక కూలివారి సంగతి. ఇది మన కథకు చాల దగ్గరగా ఉన్నది గనుక కొంత విస్తరించి చెప్పెదము. 1852లో సుమారు 200 మంది చీనీయులు, 1868లో సుమారు 150 మంది జపానీయులు, 1878 నుండి మదీరా, అజోర్సు దీవుల పోర్చుగీసువారు వచ్చిరి. 1885లో "సిటీ ఆఫ్ టోకియో" అను ఓడపై 944 మంది జపానీయులు ప్రభుత్వ ఒప్పందము క్రింద దిగిరి. తరువాతి పదేండ్లలో అట్లు వచ్చినవారి సంఖ్య సుమారు 29,000కు చేరెను. 1903లో కొరియావారు, 1906లో ఫిలిప్పీన్సు నుండి మొదటి పదునైదుగురు వచ్చిరి. భారతదేశమునుండి కూలీలను రప్పింపవలెనన్న ఆలోచనయు ఆ తోటదారులకు కలిగినది గాని నెరవేరలేదు. నెరవేరియుండినచో విశాఖపట్టణపు జిల్లావారు కొందరు లంబాసలో గాక హమాకువాలో చెరకు నరికియుండెడివారు!

జపానీయుల ఒప్పందము మూడేండ్లది, మన గిర్మిట్ అయిదేండ్లది. ఉద్దేశ్యము మాత్రము ఒక్కటే. కొంత సొమ్ము కూడబెట్టి స్వగ్రామమునకు మరలిపోవలెను. అప్పు తీర్చి, ఒక ముక్క పొలము కొనవలెను. వచ్చినవారిలో హవాయిని తన ఊరిగా కోరుకొన్నవాడు బహుశః ఒక్కడును ఉండడు. అక్కడ పనివానికి పేరునకు బదులు ఒక అంకె ఉండెడిది. దానిని లోహపు బిళ్లపై చెక్కి మెడలో వ్రేలాడదీసెడివారు. జీతము గాని అంగడిలో అప్పు గాని ఆ అంకెపైననే. 1900లో అమెరికా చట్టము వర్తించి ఒప్పందపు కూలి రద్దయ్యెను. అంతట వేలకొలది జపానీయులు అధిక కూలికై కాలిఫోర్నియాకు ఓడలెక్కిరి. 1907 మార్చి 14న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు ఒక ఉత్తరువు ద్వారా ఆ దారిని మూయించెను. హవాయినుండి జపానీ, కొరియా కూలీలు ప్రధాన భూభాగమునకు పోరాదు!

ఈ ఉత్తరువును చదువరులు గమనింపవలెను. ఆ తరువాత హవాయిలో ఉండిపోయినవారిని చూచి, వీరు ఈ దీవిని ప్రేమించి నిలిచినారని ఎవరైన అనవచ్చును. వాస్తవమునకు పోవు తలుపును మూసినందున నిలిచినవారు వారిలో ఎందరో ఉండిరి. నిలుచుట ప్రేమకు నిదర్శనము కాదు. పోవుట ద్వేషమునకు నిదర్శనము కాదు.

అయినను బిడ్డలు పుట్టిరి. ఆ బిడ్డలకు జపాను, ఫిలిప్పీన్సు తలిదండ్రుల కథలలోని దేశములు మాత్రమే. వారి ఊరు తోటలోని "క్యాంపు". జాతికొక క్యాంపు చొప్పున వరుసగా చెక్క ఇండ్లు, ఉమ్మడి స్నానశాల, కంపెనీ అంగడి, తెల్లవారుజామున మిల్లు ఊద. మన లైనులలోని గదులు పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. వాటితో పోల్చిన ఆ ఇండ్లు కొంత మెరుగైనవే. ఆ క్యాంపులలో ఒకరి ఇంటి కూర మరియొకరి ఇంటికి చేరెను. అన్ని భాషల మాటలు కలిసి ఒక క్రొత్త భాష పుట్టెను. మన బాలురు లైనులలో హిందీ, తమిళ, తెలుగు మాటలను కలిపి ఆడుకొన్నట్లే. ఆ ఊళ్లలో పెరిగిన ముదుసలులు నేటికిని వాటిని తలచి కన్నీరు పెట్టుకొందురు. అది ఆశ్చర్యము కాదు. బాల్యము ఎక్కడ గడచిన అదియే స్వగ్రామము.

కాని ఆ స్వగ్రామము వారిది కాదు. ఇల్లు కంపెనీది, వీధి కంపెనీది, నీళ్లును కంపెనీవే. 1946 సెప్టెంబరు 1న ఆరంభమైన మహా సమ్మెలో 34 తోటలకు గాను 33 తోటల పనివారు, సుమారు 26,000 మంది, అన్ని జాతులవారు ఏకమై 79 దినములు పని మానిరి. జీతములు పెరిగెను. అంతవరకు జీతములో భాగముగా ఊరకయే ఇచ్చుచుండిన ఇల్లు, వైద్యము మొదలగునవి నగదుగా మార్చబడెను. అనగా అద్దె చెల్లించుట మొదలయ్యెను. పనివానికి స్వాతంత్ర్యము వచ్చినది. దానితోపాటు ఆ ఇంటిలో ఎంతకాలము ఉండగలడన్నది అతని చేతి సొమ్ముపై ఆధారపడినది. ఈ రెండును ఒకే మార్పున వచ్చినవన్న సంగతిని సమ్మె చరిత్రలు చెప్పునప్పుడు పలువురు విడిచిపెట్టుదురు.

ఇచ్చట మన పూర్వుల విషయము ఒకింత తలపవలసియున్నది. 1879 మే 14న "లియొనిడాసు" ఓడ లెవూకకు వచ్చినది మొదలు 1916 వరకు అరువది వేలకు పైగా మనవారు ఫిజీకి తేబడిరి. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా తెలుగువారును తమిళులును మలయాళీలును వచ్చిరి. పదేండ్లు ఈ దీవిలో గడపినవారికి తిరుగు ప్రయాణము ఉచితమని ఒప్పందములో ఉండెను. వేలకొలదిగా మరలిపోయినవారును ఉన్నారు. వారిలో కొందరి గతి ఏమైనది? 1920 దశకమున కలకత్తా రేవు చెంత మటియాబురుజు అను పేటలో ఫిజీ, ట్రినిడాడు, బ్రిటిషు గయానాల నుండి మరలివచ్చినవారు గుంపులుగా పడియుండిరి. స్వగ్రామమునకు పోగా సముద్రము దాటినవారని కులమువారు చేర్చుకొనలేదు. భూమి లేదు, పని లేదు. మమ్ము మరల ఆ దీవులకే పంపుడని వారు అధికారులను వేడుకొనిరి. ఏ ఊరికై దుఃఖించి తిరిగివచ్చిరో ఆ ఊరు వారిని గుర్తింపలేదు. "పుట్టిన చోట ఉందువా?" అని వారిని అడిగినవారు లేరు, అడిగినను ఏ చోటును చెప్పియుందురో మనము ఊహింపజాలము.

హవాయికి మరలుదము. పుట్టిన నేలపై ఉండు హక్కును చట్టము ద్వారా ఇయ్యజూచిన ఒక మహనీయుడు అచ్చట ఉండెను. ఆయన రాజకుమారుడు జోనా కూహియో. అమెరికా ప్రతినిధుల సభలో హవాయి ప్రతినిధిగ ఉండి 1921లో హవాయీ గృహభూముల చట్టమును ఆమోదింపజేసెను. సుమారు 2,00,000 ఎకరములను ప్రత్యేకించి, హవాయీ కుటుంబములకు 99 ఏండ్ల కౌలుపై, ఏటికి ఒక్క డాలరు చొప్పున ఇయ్యవలెనని ఏర్పాటు. వినుటకు ఎంత బాగున్నది! కాని చట్టము వ్రాయుటలో తోటదారుల చేయి పనిచేసినది. చెరకు పండుచున్న భూములు ఇందు చేరవని వ్రాయించిరి. మిగిలినవానిలో చాల భాగము నీరు లేని బీడు, లావా రాయి. కౌలు కోరువానికి కనీసము సగము హవాయీ రక్తముండవలెనని నియమము చేసిరి. వారసునకైన నాలుగవ వంతు ఉండవలెనని తరువాత సడలించిరి. ఒక జాతివారు ఇతరులను పెండ్లాడి కలసిమెలసి బ్రతికినందుకు మనుమని కాలమున ఇల్లు పోవుట ఈ నియమపు ఫలము. వారసులకు ముప్పదిరెండవ వంతు చాలునని హవాయి శాసనసభ 2017లో తీర్మానించినది గాని, అది చెల్లుటకు అమెరికా కాంగ్రెసు సమ్మతియు కావలెను.

ఇది పుట్టినచోట నివసింపగోరువారి పట్టిక ఉన్న దేశము. 2020 దశకపు ఆరంభమున ఆ కౌళ్లకై వేచియున్నవారి పట్టికలో 28,000 పైగా పేర్లుండెను. పేరు వ్రాయించుకొని దశాబ్దములు వేచి, వంతు రాకుండగనే మరణించినవారు ఎందరో. 2022లో శాసనసభ ఈ పనికై ఒకేసారి 60 కోట్ల డాలర్లు కేటాయించెను. నేలపై మమకారము లేనివాడు ముప్పది ఏండ్లు ఒక పట్టికలో నిలుచునా?

ఇంతలో చెరకే పోయినది. కూలి చవుకయైన దేశముల పంచదారతో పోటీపడలేక మిల్లులు ఒకటొకటిగా మూతపడెను. 1975లో కొహాలా, 1994లో హమాకువా, 1995లో వైపహు, 1996లో వైయలువా, అదే యేట పహలా, 1999లో లహైనా. చివరిది మావీ దీవిలోని పువునేనే మిల్లు. 2016 డిసెంబరులో దాని తుది కోత జరిగెను. 36,000 ఎకరముల తోట, సుమారు 675 మంది పనివారు. కోలోవాలో మొదలైన నూట ఎనుబది ఏండ్ల కథ అక్కడ ముగిసెను.

చెరకు పోయిన నేలలు ఏమైనవి? కొన్ని విడిదిగృహములు, కొన్ని ధనికుల భవనములు, చాలవరకు పశువులకై పూర్వము తెచ్చిన విదేశపు గడ్డి మొలచిన బీళ్లు. 2023 ఆగస్టు 8న ఎండిన ఆ గడ్డి గుండా, పెనుగాలిలో, అగ్ని లహైనా పట్టణముపై పడినది. 102 మంది మరణించిరి. 2,200 పైగా కట్టడములు భస్మమయ్యెను. ఆ పట్టణపు నడుమ 1873 ఏప్రిల్ 24న నాటిన మర్రిచెట్టు ఒకటి ఉన్నది. నాటునాటికి ఎనిమిది అడుగుల మొక్క, మన భారతదేశమునుండి తెచ్చినది. ఊడలు దించి ఒక వీధిచదుకమంతయు ఆక్రమించినది. మంటలో మాడిపోయినను కొన్ని వారములకే చిగురించినది. పట్టణపు మనుష్యులకు అట్లు చిగురించుట సులభము కాలేదు. ఇల్లు కాలినవారు పలువురు నెలల తరబడి విడిది గదులలో గడపిరి. కొందరు దీవినే విడిచిపోయిరి. వారిని వెళ్లగొట్టినది కోరిక యనుట సాధ్యమా?

అగ్నికి పూర్వమే ధర వెళ్లగొట్టుచుండెను. హొనొలులు ఉన్న ఓఅహు దీవిలో ఒక సామాన్య గృహపు మధ్యస్థ ధర 2021లో పది లక్షల డాలర్లను దాటినది. ఉపాధ్యాయుడు, వంటవాడు, లారీ నడపువాడు ఎక్కడ తేగలరు? అందుచేత వారు నెవాడా ఎడారిలోని లాస్ వేగాసుకు పోయిరి. 1975లో అక్కడ తెరచిన "కాలిఫోర్నియా" అను హోటలు హవాయివారి నోటికి నచ్చిన వంటలు వండి, వారిని యాత్రికులుగ రప్పించెను. యాత్రకు పోయినవారు ఇల్లు అక్కడ చవుకయని తెలిసికొని కాపురములు పెట్టిరి. హవాయిలో ముఖ్యమైన దీవులు ఎనిమిది గనుక ఆ పట్టణమునకు "తొమ్మిదవ దీవి" అని పేరు పెట్టుకొనిరి. సముద్రమే కానరాని ఎడారిని దీవియని పిలుచుకొన్న ఆ ప్రజల చమత్కారమును మేము మెచ్చుకొనుచున్నాము; దాని లోపలి దిగులు కూడ మాకు తెలియుచున్నది. బిడ్డలకు హులా నృత్యము నేర్పు బడులు అక్కడను ఉన్నవి. కాలిఫోర్నియాకు పోయిన మనవారు దేవాలయము కట్టుకొన్నట్లే.

అట్లని పోయినవారందరు బలవంతముగ త్రోయబడినవారని చెప్పుట సత్యమునకు దూరమగును. తన కుమారుడు చెరకు నరకవలెనని కోరిన తండ్రి హవాయిలోను లేడు, మన దీవులలోను లేడు. జపానీ కూలివాడు బిడ్డను బడికి పంపినది తోటనుండి తప్పించుటకే. మనవారు చేసినదియు అదియే. 1926లో నాందిలో స్థాపితమైన తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘము పాఠశాలలు నెలకొల్పినప్పుడు, చెరకు రైతులు తాము తినక చందాలిచ్చి ఆ గోడలు లేపిరి. ఆ గోడల నడుమ చదివిన బాలుడు వైద్యుడయ్యెను, లెక్కల ఉద్యోగియయ్యెను; తుదకు విమానమెక్కెను. తలుపు తెరచినది మనమే. ఆ తలుపు గుండా పోయినవానిపై నింద వేయుట న్యాయమని మాకు తోచదు. పల్లెలో ఉండి ఆకలితో బాధపడుట మాత్రమే నేలపై భక్తియని మన పెద్దలు ఎన్నడును తలచలేదు. తలచినచో వారు ఓడ ఎక్కకనే యుందురు.

అయితే మన దీవులకును హవాయికిని ఒక గొప్ప భేదమున్నది. అచ్చట నేల పోయినది ఆదిమవాసులకు. ఇచ్చట తొలి ఇంగ్లీషు గవర్నరులలో ఒకడైన ఆర్థరు గోర్డను తౌకేయీల భూమిని విక్రయింపరాదని కట్టడి చేసినందున, దీవుల భూమిలో నూటికి ఎనుబదికి పైగా నేటికిని వారిదే. ఈ మేలును మనము ఈర్ష్యతో చూడరాదు. హవాయిని చూచిన తరువాత అసలే చూడరాదు. కాని అదే ఏర్పాటు వలన చెరకు పండించిన మనము కౌలుదారులముగ మిగిలితిమి. 1976 చట్టము క్రింది ముప్పది ఏండ్ల కౌళ్లు 1997 నుండి ముగియసాగెను. తాత చేతితో నాటిన మామిడిచెట్టును విడిచి, ఇంటి చెక్కలు ఊడదీసికొని, సువా, నౌసోరి పరిసరములకు చేరిన కుటుంబములు మన పాఠకులలోనే ఉన్నవి. వీరెవ్వరు కాలిఫోర్నియాకు పోలేదు. అయినను పెరిగిన చోట లేరు. దీనికి ముందు 1987 మే 14న, అనగా లియొనిడాసు వచ్చిన తేదీనాడే, సైనికులు ప్రభుత్వమును పడద్రోసిరి. ఆ భయముతో పోయినవారి సంఖ్యయు తక్కువ కాదు. 1986లో మన దీవులలో భారతీయులు 3,48,704 మంది; 2007 నాటికి సుమారు 3,13,800 మంది.

2016 ఫిబ్రవరి 20న విన్‌స్టను తుపాను రాకిరాకి ప్రాంతముపై పడి, అక్కడి పెనాంగు మిల్లును పాడుచేసెను. మిల్లు మరల తెరువబడలేదు. ఆ చెరకును లారీలపై బాలోని మిల్లుకు తరలింపవలసి వచ్చెను. పువునేనేలో తుది కోత జరిగినదియు ఆ సంవత్సరముననే. రాకిరాకిలో తమ కౌలు ఇంకను మిగిలియున్న కుటుంబములు, దూరదేశములనున్న బిడ్డలను "తిరిగి వత్తువా?" అని అడుగుటకు ముందు, కౌలుపత్రమును పెట్టెనుండి తీసి, గడువు ఏ యేట ముగియునో, వారసునిగ ఎవరి పేరున్నదో చూచుకొనుట మంచిది. హవాయిలో ఆనాటి సామాన్యులు అర్జీ పెట్టుటకు ఇచ్చిన గడువు కొద్దికాలము మాత్రమే.